పిండమున కాలుచేతులు మొలకెత్తు విధము

తొలకరి వానలు కురిసినంతనే అరకులోయలోని వరిమళ్ళయందును, గెడ్డల ప్రక్కనుండు నీటిగుంటలయందును కప్పలు గ్రుడ్లు పెట్టును. కొలది దినములకు ఆ గ్రుడ్లనుండి తోకకప్పలు వెలువడును. వానికి తలయు తోకయు మాత్రమే యుండును, కాళ్ళుండవు. కొన్ని వారములు గడచిన పిమ్మట తోకమొదట ఇరుప్రక్కల రెండు చిన్న మొటిమలు పొడసూపి, క్రమముగా సాగి, మోకాలివద్ద మడతపడి, వ్రేళ్ళు విడివడి వెనుకకాళ్ళగును. ముందుకాళ్ళు మొప్పలను కప్పు చర్మముక్రింద దాగి పెరిగి పిమ్మట బయటపడును. ఈ వింతను చూడని పల్లెబాలుడు మన కొండసీమలలో నుండడు. అయినను, నీవు కాలు కావలయునని ఆ మొటిమకు ఎవరు చెప్పిరి? అది వీపుమీద మొలవక ఆ చోటనే యేల మొలచెను? తొడ ముందు, పాదము వెనుక అను క్రమము ఎట్లు తప్పకున్నది? ఈ ప్రశ్నలు కప్పకే గాక కోడికి, గబ్బిలమునకు, మనుష్యునకు గూడ సమానములు. వీనికి 1948 మొదలుకొని శాస్త్రజ్ఞులు కనుగొనిన సమాధానములను మన చదువరులకు సులభముగా తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట ఒక మూలవిషయమును గ్రహింపవలెను. మన దేహము కోటానుకోట్ల కణములచే నిర్మితమైనది. దాదాపు ప్రతి కణములోను డి.ఎన్.ఏ. అను సన్నని దారమువంటి పదార్థము కలదు. దానిపై నాలుగే అక్షరములతో వ్రాసిన వ్రాత యున్నదని తలపుడు. తల్లినుండి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరములు, తండ్రినుండి వచ్చిన ప్రతిలో అన్నియే అక్షరములు ఉండును. ఈ వ్రాతలో మాంసకృత్తులను తయారుచేయు ఆజ్ఞలకు జన్యువులని పేరు. మనుష్యునిలో ఇవి ఇంచుమించు 20,000. ఆశ్చర్యమేమనగా, మాంసకృత్తుల ఆజ్ఞలు మొత్తము వ్రాతలో నూటికి రెండు పాళ్ళయినను ఆక్రమింపవు. తక్కిన భాగమున, ఏ జన్యువు ఎచ్చట, ఎప్పుడు, ఎంతకాలము పనిచేయవలెనో నిర్ణయించు మీటలు చెల్లాచెదరుగా నున్నవి.

కంటిలోని కణమునకును కాలివ్రేలిలోని కణమునకును ఉన్న వ్రాత యొక్కటే. అట్లయిన భేదమెక్కడిది? మన వంటయింటిలో ఉప్పు, కారము, చింతపండు, పప్పు అను సరకులు ఒక్కటే యైనను, ఏది ఎప్పుడు ఎంత వేసితిమను దానినిబట్టి పప్పుచారు వేరు, పులుసు వేరు అగుచున్నవి గదా! అట్లే జన్యువులొక్కటే యైనను, అవి తెరువబడు క్రమమునుబట్టి కణముల స్వభావము మారుచున్నది. దీనినే జన్యునియంత్రణ మందురు.

ఇక కాలుచేతుల సంగతికి వత్తము. కోడిగ్రుడ్డును పొదుగబెట్టిన మూడవ దినమున పిండపు ప్రక్కలలో నాలుగు చిన్న మొటిమలు పుట్టును. వీనిని అవయవాంకురములని పిలుతము. ముందుదానికి రెక్కగాను వెనుకదానికి కాలుగాను పెరుగుటకు వేర్వేరు గుర్తులు కలవు. ముందరి అంకురమున టి.బి.ఎక్స్.5 అను జన్యువును, వెనుకటి అంకురమున టి.బి.ఎక్స్.4 అను జన్యువును తెరువబడును. ఏ చోట ఏది తెరువవలెనో దేహపు పొడవునా హాక్స్ జన్యువులు ముందుగనే హద్దులు గీచియుంచును. అందువలననే కాళ్ళు వీపున మొలవవు.

అంకురము పుట్టినంతమాత్రమున చాలదు, అది సాగవలెను. అంకురపు కొనయందు చర్మము కొంచెము గట్టిపడి గట్టువలె నేర్పడును. 1948వ సంవత్సరమున జాన్ సాండర్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కోడిపిండముల రెక్కల అంకురములనుండి ఈ గట్టును మిక్కిలి నేర్పుతో తొలగించి చూచెను. తొలిదశలో తొలగించినపుడు భుజపుటెముకకు మించి యేమియు ఏర్పడలేదు. కొంత ఆలస్యముగా తొలగించినపుడు ముంజేతివరకు ఏర్పడెను. ఇంకను ఆలస్యము చేసినపుడు వ్రేళ్ళకొనలు మాత్రమే లోపించెను. కావున ఆ గట్టు, తనక్రిందనున్న కణములకు పెరుగుడని యెడతెగక సందేశము పంపుచున్నదనియు, అవయవము మొదటినుండి కొనకు క్రమముగా ఏర్పడుచున్నదనియు తేలినది. ఆ సందేశము ఎఫ్.జి.ఎఫ్. అను మాంసకృత్తుల రూపమున వెళ్ళునని తరువాత తెలిసెను. లోపలి కణములు గట్టునకు, గట్టు లోపలి కణములకు సందేశములు పంపుకొనుచు ఒకదానినొకటి మేలుకొల్పుచుండును. ఏ ఒక్కటి నోరుమూసినను పెరుగుదల నిలిచిపోవును.

బొటనవ్రేలు ఒకప్రక్కను, చిటికెనవ్రేలు మరియొకప్రక్కను ఏర్పడుటకు వేరొక యేర్పాటు కలదు. అరకులో చలికాలపు రాత్రి నెగడు వేసి చుట్టును కూర్చుండువారిని తలచుకొనుడు. నెగడునకు దగ్గర నున్నవానికి వేడిమి హెచ్చు. దూరమున నున్నవానికి తక్కువ. కన్నులు మూసికొన్నను, ఒంటికి తగులు వేడినిబట్టి తాను నెగడునకెంత దూరమున నున్నాడో చెప్పగలడు. అంకురములో చిటికెనవ్రేలి ప్రక్కనుండు కొన్ని కణములు ఇట్టి నెగడువంటివి. అవి వెలువరించు మాంసకృత్తు ఎక్కువగా తగిలినచోట చిటికెనవ్రేలును, తక్కువగా తగిలినచోట చూపుడువ్రేలును ఏర్పడును. ఏమియు తగులని చోట బొటనవ్రేలు ఏర్పడును. 1968లో సాండర్సును, ఆయన సహచరురాలు మేరీ గాసెలింగును ఒక పిండమునుండి ఈ కణములను తీసి మరియొక పిండపు అంకురమున ఎదుటిప్రక్కను అంటుగట్టిరి. ఇరువైపుల రెండు నెగళ్ళు వేసినట్లయ్యెను! సహజముగా మూడు వ్రేళ్ళుండవలసిన కోడిరెక్కకు అద్దములో నీడవలె వ్రేళ్ళు రెండింతలు మొలచెను. 1993లో క్లిఫర్డ్ టాబిన్ మొదలగువారు ఈ నెగడులోని అగ్నియేదో కనుగొనిరి. అది సోనిక్ హెడ్జ్‌హాగ్ అను జన్యువు తయారుచేయు మాంసకృత్తు. పేరు వింతగా నుండుటకు కారణమేమనగా, ఈ కుటుంబమునకు చెందిన జన్యువు చెడిన ఈగపురుగుకు ఒళ్ళంతయు ముళ్ళు మొలచుటచే మొదట ముళ్ళజంతువు పేరు పెట్టిరి. పిమ్మట దొరికినదానికి పిల్లల ఆటలోని బొమ్మపేరు జోడించిరి.

అవయవములోని ఒక్కొక్క ఖండమునకు ఒక్కొక్క జన్యుసమూహము అధికారి. చుంచెలుకలలో హాక్స్ వరుసలోని 11వ సంఖ్య జన్యువులను తొలగింపగా ముంజేతి యెముకలు దాదాపు లోపించెనని 1995లోను, 13వ సంఖ్యవానిని తొలగింపగా వ్రేళ్ళు ఏర్పడలేదని 1996లోను తేలినది. కట్టకడపట వ్రేళ్ళనడుమనుండు కణములు ఆజ్ఞానుసారము మరణించుటచే వ్రేళ్ళు విడివడును. బాతుకాలిలో ఈ మరణాజ్ఞను అడ్డగించు జన్యువు తెరువబడుటచే పొర నిలిచి ఈతకు ఉపకరించుచున్నది. శిల్పి రాతిని చెక్కి విగ్రహమును వెలికితీసినట్లు, ప్రకృతి పెంచుటచేతనే గాక త్రుంచుటచేతను రూపమును తీర్చుచున్నది.

ఈ శాస్త్రమున మన తూర్పుతీరమునకు చెందిన ఒక గొప్ప ఘట్టము కలదు. తూర్పుకనుమలకు చేరువనున్న భువనేశ్వరములోని ఉత్కళ విశ్వవిద్యాలయమున ప్రియంవద మహంతి హెజ్మాడీ, సుశీల్ కుమార్ దత్తా మొదలగువారు యూపెరోడాన్ సిస్టోమా అను కప్పపై పరిశోధించిరి. ఇది గాలినింపిన బుడగవంటి ఒడలితో నేలలో పాతుకొనియుండి, వానలకు వెలికివచ్చు కప్ప. వారు దీని తోకకప్పల తోకలను కత్తిరించి, విటమిన్ ఏ కలిపిన నీటిలో కొంతకాలముంచిరి. తోక తిరిగి మొలవవలసిన చోట కాళ్ళు మొలచెను! ఈ సంగతి 1992లో లండను నగరమునుండి వెలువడు ప్రసిద్ధ శాస్త్రపత్రిక నేచర్‌లో ప్రకటింపబడెను. మరుసటి సంవత్సరము మాల్కం మాడెన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వేరొక జాతి కప్పలో ఇట్టి ఫలితమునే చూచెను. వెన్నెముకగల జంతువులలో ఒక అవయవపు స్థానమున వేరొక అవయవమును ఇట్లు మొలిపించుట అపూర్వము. విటమిన్ ఏ దేహములో రెటినోయిక్ ఆమ్లముగా మారి, జన్యువుల మీటలను నేరుగా తాకగలదు. తోకకణములు తాము నడుమువద్ద నున్నామని భ్రమపడి కాళ్ళను నిర్మించెనని దీనికి అర్థము చెప్పుచున్నారు. ఇది వేలకొలది రూపాయల యంత్రములతో గాక, నీటితొట్టి, చిన్నకత్తి, ఓర్పు అను సాధనములతో ప్రారంభమైన పరిశోధనయని మన విద్యార్థులు గుర్తింపవలెను.

కాళ్ళు మొలచుట యొక వింతయైన, కాళ్ళు పోవుట మరియొక వింత. మన అడవులలోని కొండచిలువను ఎరుగనివారెవరు? దాని మలద్వారమునకిరుప్రక్కల గోరువంటి చిన్న కొక్కెములు రెండుండును. అవి వెనుకకాళ్ళ శేషములు. పాముల పూర్వులు కాళ్ళుగల జంతువులనుటకు అవి సాక్షులు. ఆ కాళ్ళు ఎట్లు పోయెను? సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు నశించినదా? అట్లు కానేరదు. ఏలయనగా ఆ జన్యువు మెదడును, వెన్నుపామును నిర్మించుటకు గూడ అత్యవసరము. అది నశించిన పిండము బ్రతుకదు. నశించినది జన్యువు కాదు, దాని మీటలలో నొకటి.

ఈ మీటకు జడ్.ఆర్.ఎస్. అని పేరు. సుమారు 800 అక్షరముల పొడవుగల ఈ ముక్క మనుష్యునిలో తన జన్యువునకు దాదాపు 10 లక్షల అక్షరముల దూరమున, వేరొక జన్యువు నడుమ దాగియున్నది. పూర్వము రైలు స్టేషనులో మీట లాగినపుడు ఎంతయో దూరమున నున్న సిగ్నల్ చేయి వాలెడిది గదా! అట్లే దూరమునుండి ఈ మీట తన జన్యువును పనిచేయించును, డి.ఎన్.ఏ. దారము మడతపడి రెండింటిని చేరువకు తెచ్చును. 2005లో జపాను శాస్త్రజ్ఞులు చుంచెలుకలలో ఈ మీటను మాత్రము తొలగింపగా కాళ్ళు మొండెములై, మోచేతికిని మోకాలికిని క్రిందిభాగము పూర్తిగా ఏర్పడలేదు. తక్కిన దేహమంతయు చక్కగనే యుండెను. 2016లో వెలువడిన రెండు పరిశోధనలు పాములలో ఈ మీట చెడియున్నదని చూపినవి. కొండచిలువ పిండమున సోనిక్ హెడ్జ్‌హాగ్ కాలి అంకురములో ఒక్కదినమాత్రము వెలిగి ఆరిపోవును. చుంచెలుక మీటను తీసివేసి పాము మీటను ఉంచగా ఆ యెలుకకు మొండికాళ్ళే పుట్టినవి. మనుష్యుని మీటనుంచినను, చేపమీటనుంచినను కాళ్ళు సక్రమముగా పెరిగినవి. పాము మీటలో లోపించిన 17 అక్షరములను తిరిగి చేర్చినపుడు కాళ్ళు మరల వచ్చినవి! 300 కోట్లలో 17 అక్షరముల విలువ యెట్టిదో చూడుడు.

కాళ్ళను కోల్పోయినవి పాములే కావు. 1870లో బెడ్డోమ్ అను ఆంగ్లేయ అధికారి విశాఖపట్టణపు సీమలోని గొలుగొండ కొండలలో కాళ్ళులేని నలికిరి నొకదానిని వర్ణించి సెప్సోఫిస్ పంక్టేటస్ అని పేరిడెను. చూచుటకు చిన్నపామువలె నుండు ఈ బల్లిజాతి జీవి తూర్పుకనుమలలో దప్ప లోకమున మరెచ్చటను లేదు. చిరకాలము శాస్త్రజ్ఞుల కంటబడక, ఇటీవల తిరిగి కనుగొనబడి, 2013లో సవిస్తరముగా వర్ణింపబడెను. చిలుకసరస్సులోని బర్కుడా ద్వీపమున దొరికి 1917లో వర్ణింపబడిన మరియొక కాళ్ళులేని నలికిరి దీనికి చుట్టము. పాములతో సంబంధము లేకయే ఈ నలికిరులు వేరుగా కాళ్ళను కోల్పోయినవి. మట్టిలోను ఆకుచెత్తలోను దూరి తిరుగువానికి కాళ్ళు ఆటంకములే గదా! ఇట్టివానిని పామని తలచి చంపుట మన పల్లెలలో సామాన్యము. ఇకనైనను ఆ పని మానవలెను.

అనంతగిరి చేరువ బొర్రా గుహలలో వ్రేలాడు గబ్బిలముల సంగతి దీనికి వ్యతిరేకము. వాని రెక్క యనగా మిక్కిలి పొడవుగా సాగిన వ్రేళ్ళనడుమ నిలిచిన పొరయే. 2008లో ఒక గబ్బిలపు జాతినుండి ఒక మీటను తీసి చుంచెలుకలో నుంచగా దాని ముందుకాళ్ళు నూటికి ఆరు పాళ్ళు పొడవెక్కినవి. ఒక్క మీటతో రెక్క రాదు. అట్టి చిన్నమార్పులు పెక్కు కూడినచో రెక్కయగును. ఎలుకకాలు, గబ్బిలపురెక్క, మానవహస్తము మూడును ఒకే జన్యువులతో అల్లబడిన మూడు అల్లికలు.

ఇంతవరకు జంతువులను గూర్చి చెప్పితిమి. తల్లిదండ్రులు శ్రద్ధగా చదువవలసినది ఇకమీదటి భాగము.

మనుష్యపిండమున చేతి అంకురము నాల్గవ వారమునను, కాలి అంకురము ఒకటి రెండు దినముల తరువాతను పుట్టును. ఎనిమిదవ వారము ముగియునప్పటికి వ్రేళ్ళన్నియు విడివడియుండును. అనగా తాను గర్భవతినైతినని తల్లి నిశ్చయముగా తెలిసికొను నాటికే బిడ్డ కాలుచేతుల నిర్మాణము సగము గడచియుండును. మన ప్రాంతమున బిడ్డ చేతివ్రేళ్ళలో లోపమున్నచో, తల్లి గ్రహణసమయమున కూరగాయలు తరిగినదనియో, చూడరానిది చూచినదనియో నిందింతురు. విచారించి చూడుడు. ఒక గ్రహణమును లక్షలాది గర్భిణీస్త్రీలు దాటుచున్నారు. వారి బిడ్డలలో మిక్కిలి పెక్కుమంది సుఖముగనే పుట్టుచున్నారు. వ్రేళ్ళు విడివడిన పిమ్మట వచ్చు గ్రహణము వానిని ఎట్లు త్రుంచగలదు? కత్తిపీట నీడ డి.ఎన్.ఏ. అక్షరములను దిద్దలేదు. బిడ్డను చూచి దుఃఖించు తల్లిపై ఈ నిందను మోపుట అన్యాయము మాత్రమే గాక అసత్యము.

ఆరవవ్రేలిని కొందరు అదృష్టమందురు, కొందరు అరిష్టమందురు. అది రెండును కాదు. బొటనవ్రేలి ప్రక్క అధికముగా వ్రేలు మొలచుట కొన్ని కుటుంబములలో పైన చెప్పిన జడ్.ఆర్.ఎస్. మీటలో ఒక్క అక్షరము మారుటవలన కలుగును. నెగడు ఒకచోటనే గాక ఎదుటిప్రక్కను కూడ కొంచెము రాజుకొనును. ఇట్టి మార్పు తల్లిదండ్రులలో నొకరికున్నచో ప్రతిబిడ్డకు వచ్చుటకును రాకుండుటకును సమానావకాశము. చిటికెనవ్రేలి ప్రక్క మొలచు అధికవ్రేలునకు వేరు జన్యువులు కారణములు. వలసినచో వైద్యులు దానిని సులభముగా తీసివేయుదురు. దారము బిగించి కట్టి తెంపుట మాత్రము రక్తస్రావమునకును చీముపట్టుటకును దారితీయును గనుక చేయరాదు. మరికొన్ని అవయవలోపములు చెడిన ప్రతి తల్లినుండియు తండ్రినుండియు ఇరువైపుల వచ్చినపుడే బయటపడును. దగ్గరిచుట్టములు ఒకే తాతనుండి ఒకే ప్రతిని పొంది యుండవచ్చును గనుక మేనరికములలో ఈ అవకాశము హెచ్చు.

అన్ని లోపములును వ్రాతలోని తప్పులే కావు. బయటినుండి వచ్చిన పదార్థము మీటలను కలచుటయు గలదు. 1957లో జర్మనీయందు థాలిడోమైడ్ అను నిద్రమందును విక్రయింప మొదలిడిరి. వేవిళ్ళకు గూడ మంచిదని గర్భిణులకిచ్చిరి. 1961లో దానిని నిలిపివేయునప్పటికి లోకమున 10,000కు మించిన శిశువులు పొట్టిచేతులతోనో, చేతులు లేకయో పుట్టిరి. గర్భము నిలిచిన పిమ్మట 20వ దినమునుండి 36వ దినమువరకు, అనగా అంకురములు మొలచు ఆ కొలది దినములలోనే ఈ మందు ఆ హాని చేసినది. అంకురమునకు వలసిన నియంత్రణ మాంసకృత్తు నొకదానిని ఈ మందు నాశనము చేయించునని 2018లో తెలిసెను. కుష్ఠురోగమున వచ్చు ఒకవిధమైన తీవ్రమగు వాపునకు ఆ మందే నేడును ఉపయోగపడుచున్నది. కాని గర్భము ధరింపనున్న స్త్రీలకు కఠినమైన కట్టుబాట్లు లేక ఇయ్యరు. అట్లే మొటిమలకు మ్రింగు ఐసోట్రెటినోయిన్ అను మందు విటమిన్ ఏ సంతతిదే. గర్భిణులు దానిని ముట్టరాదు. భువనేశ్వరపు తోకకప్ప మనకు చెప్పు హితవు ఇది. అయితే ఆకుకూరలు, బొప్పాయి, గుమ్మడి మొదలగు భోజనములోని పోషకములకును, రేచీకటి రాకుండ పసిపిల్లలకిచ్చు విటమిన్ ఏ చుక్కలకును భయపడ నక్కరలేదు. ఇట్టి ఆకుకూరలలోను, కాయలలోను ఉండునది దేహము తనకు వలసినంత మార్చుకొనును.

కావున గర్భము అనుమానమున్న దినమునుండియే వైద్యుని అడుగక అంగటి మాత్రను గాని, పేరు తెలియని వేరుమందును గాని మ్రింగకుండుట, వ్రేళ్ళలోనో పాదములలోనో తేడాగల శిశువును దాచక వెంటనే వైద్యశాలకు చూపించుట తల్లిదండ్రుల విధులు. వంకరపాదములతో పుట్టిన శిశువునకు మొదటి వారములలోనే వరుసగా పట్టీకట్లు వేసినచో పెక్కుమందికి పాదములు చక్కబడుచున్నవి. ఆలస్యమైనకొలది చికిత్స కష్టమగును.

విద్యార్థులారా! మీ తరగతిలో చేతివ్రేళ్ళు తక్కువైనవాడో ఎక్కువైనవాడో ఉన్నచో వానిని ఎగతాళి చేయువారి నోరు మీరు మూయింపుడు. 300 కోట్ల అక్షరములలో ఒక్కటి మారిన వానికిని, మారని మీకును నడుమనున్న భేదము మీ గొప్పతనమువలన వచ్చినది కాదు. వానితో కలిసి బంతి ఆడుడు; వానికి పలక పట్టుట కష్టమైన సాయపడుడు; ఇంటికి పోయి, కత్తిపీటకును గ్రహణమునకును బిడ్డ వ్రేళ్ళతో సంబంధము లేదని మీ అమ్మమ్మలకును మేనత్తలకును చెప్పుడు.